స్కూల్ హెల్త్ చెకప్ ప్యాకేజీ: కంటి టేబుల్‌కి ఐదు స్టార్లు, రిపోర్టుకి ఒకటి

ముందు రేటింగ్ చెప్పేస్తాను. మొత్తానికి రెండున్నర స్టార్లు. కంటి పరీక్షకు విడిగా ఇవ్వమంటే ఐదిస్తాను. ఎత్తూ బరువూ చూసిన తీరుకు ఒకటి. ఇంటికి పంపిన రిపోర్టుకు ఇచ్చిన ఆ ఒకటి కూడా మొహమాటానికే.

కంపెనీ పేరు రాయడం లేదు, స్కూలు పేరూ రాయడం లేదు. వైట్‌ఫీల్డ్, కాడుగోడి చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్ళలో పిల్లల్ని చదివించుకుంటున్న మనవాళ్ళు చాలామందికి ఇలాంటి ప్యాకేజీ ఏదో ఒకటి ఫీజు రసీదులో తగిలే ఉంటుంది. మాకు తగిలింది 650 రూపాయలు. ట్యూషన్ ఫీజుకీ బస్సు ఫీజుకీ మధ్యన ‘యాన్యువల్ హెల్త్ స్క్రీనింగ్’ అని ఒక వరస. కావాలా వద్దా అని ఎవరూ అడగరు.

నేను మదనపల్లె వైపు ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషిని. ఇప్పుడు బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవడు రెండో తరగతి. చెకప్ రోజు పిల్లల వరసలు చూసుకోవడానికి ఇంటి పెద్దలెవరైనా రండి అని స్కూలువాళ్ళు మెసేజ్ పెట్టారు. కూతురికీ అల్లుడికీ ఆఫీసు. నేను వెళ్ళాను. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైనప్పుడూ, ఆ తర్వాత 2013లో దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చినప్పుడూ త్రాసు చంకన పెట్టుకుని బడి బడీ తిరిగినవాళ్ళలో నేనొకదాన్ని. అందుకే హాల్లోకి అడుగు పెట్టగానే నా చూపు గోడకు అంటించిన టేపు మీదికే పోయింది.

ఆ గోడకు అడుగున స్కర్టింగ్ టైల్ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని ముందు నిలబెడితే పిల్లవాడి వీపు గోడకు ఆనదు. ఎత్తు కొలవడానికి ఒక పద్ధతుంది: బూట్లు విప్పాలి, ఆడపిల్లలకు నెత్తిన ముడి ఉంటే వదులు చెయ్యాలి, మడమలు, పిర్రలు, భుజాలు, తల వెనక భాగం ఆనించాలి, చూపు తిన్నగా ముందుకు ఉండాలి, నెత్తి మీద పలక అడ్డంగా ఆనించి అంకె చదవాలి. ఇక్కడ బూట్లతోనే నిలబెట్టారు. నెత్తి మీద పెట్టింది ప్లాస్టిక్ స్కేలు. అది ఎటు వాలితే అటు అంకె. ఒకమ్మాయి చదివి చెబుతుంటే ఇంకో అబ్బాయి ట్యాబ్‌లో కొడుతున్నాడు, హాల్లో గోలకి ‘నూట పదమూడు’ ‘నూట ముప్పై’ అయిపోవడం నా ఎదుటే జరిగింది. చెబితే దిద్దాడు, అది ఒప్పుకోవాలి. బరువు చూసే మిషన్‌ని కార్పెట్ మీద పెట్టారు. మెత్తటి దాని మీద పెడితే మిషన్ నిజం చెప్పదు, గట్టి నేల కావాలి. ‘కొంచెం పక్కకి జరపండమ్మా’ అంటే, ‘వైరు అందదు ఆంటీ’ అన్నారు. ఏ వైరో నాకు కనబడలేదు.

మావాడికి స్కూల్లో రాసిన ఎత్తు 121 సెంటీమీటర్లు, బరువు 22 కిలోలు. ఇంట్లో బూట్లు విప్పి తలుపు పక్కన నిలబెట్టి నేను కొలిస్తే 118.5. బరువు ఇరవై ఒకటిన్నర. బూట్లేగా, రెండున్నర సెంటీమీటర్లకు ఏమవుతుంది అంటారేమో. ఏటా కొలిచేది ఎదుగుదల చూడటానికి. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఈ ఏడు బూట్లతో కొలిచి వచ్చే ఏడు విప్పి కొలిస్తే సగం పెరుగుదల కాగితం మీదనే మాయమైపోతుంది.

సరే, ఇది చేతిపని. అసలు తంటా రిపోర్టుతో వచ్చింది.

మూడో రోజు సాయంత్రం యాప్‌లో రిపోర్టు దిగింది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 15.0, పక్కన ఎర్రటి డబ్బాలో ‘అండర్‌వెయిట్’. నా కూతురు ఆఫీసు నుంచే ఫోన్ చేసింది, గొంతులో ఏడుపు. ‘అమ్మా, వాడికి నేను సరిగ్గా తిండి పెట్టడం లేదా?’ క్లాసు వాట్సాప్ గ్రూపు చూస్తే సగం మంది తల్లులది అదే ఏడుపు. దాదాపు అందరి పిల్లలూ అండర్‌వెయిట్! బొద్దుగా ఉండే ఒకరిద్దరు మాత్రం ‘నార్మల్’.

జరిగిందేమిటో చూడగానే అర్థమైంది. 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువ అనే గీత పెద్దవాళ్ళది. పిల్లలకు ఆ గీత పనికిరాదు. వాళ్ళకు వయసును బట్టీ, మగా ఆడా అన్నదాన్ని బట్టీ వేరే పట్టికలు ఉన్నాయి. 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ఇచ్చింది. ఏడేళ్ళ మగపిల్లవాడికి ఆ పట్టికలో నడిమి అంకె దగ్గరదగ్గర 15.5. అంటే మావాడు నిక్షేపంగా ఉన్నాడు. ఆ లెక్కన 18.5 ఉన్న ఏడేళ్ళ పిల్లవాడిని ‘నార్మల్’ అని వదిలెయ్యకుండా, బరువు ఎక్కువవుతోందేమో అని చూడాలి. అంటే రిపోర్టు బాగున్నవాళ్ళను భయపెట్టింది, చూడాల్సినవాళ్ళకు ధైర్యం చెప్పింది.

ఆ ఎర్ర డబ్బా కిందనే ఇంకో డబ్బా: పాలల్లో కలుపుకునే పౌడరు మీద ఇరవై శాతం తగ్గింపు కూపన్. నేను కావాలని చేశారనడం లేదు. కానీ ఏడుస్తున్న తల్లి కంటి ముందు ఆ కూపన్ పెడితే కొనకుండా ఉంటుందా? గ్రూపులో ఆ రాత్రే ముగ్గురు ఆర్డరు పెట్టేశామన్నారు. ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ అన్న శీర్షిక కింద పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి, తర్వాత కొనండి. ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగ, రాగి సంగటి ముద్ద ఇంత ఖర్చవ్వవు. రాగి సంగటి అంటే మా మనవడు మూతి ముడుస్తాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఐదు స్టార్ల కథ.

కంటి టేబుల్ దగ్గర ఒక కుర్రాడు ఉన్నాడు, ఆప్టోమెట్రిస్టు. పాతికేళ్ళు ఉంటాయేమో. అతనికి ఇచ్చిన చోటు హాల్లో ఒక మూల, చార్టుకీ పిల్లవాడికీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. వచ్చీ రాగానే చార్టు పీకి చేత పట్టుకుని వరండాలోకి నడిచాడు. జేబులోంచి టేపు తీసి ఆరు మీటర్లు కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకటీ రెండూ తరగతుల వాళ్ళకి అక్షరాల చార్టు పెట్టలేదు. ‘ఈ’ అక్షరం నాలుగు వైపులకీ తిరిగి ఉండే చార్టు పెట్టి, వేళ్ళు ఎటు చూపిస్తుంటే నువ్వూ అటే చూపించు అన్నాడు. అక్షరం రాకా, కనబడకా అన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది. పైగా అక్షరాలైతే వరసలో వెనకున్నవాడు వినీ వినీ కంఠతా పట్టేస్తాడు, మా రోజుల్లో మూడో తరగతి గడుగ్గాయిలు చార్టు చూడకుండానే కింది వరస అప్పజెప్పేవాళ్ళు. ఇతను వరసని తలుపు లోపలే ఆపి ఒక్కొక్కరినే పిలిచాడు. కన్ను మూసుకోమంటే పిల్లలు వేళ్ళ సందుల్లోంచి చూస్తారని, నల్ల గరిటెలాంటి అడ్డు తనే పట్టుకున్నాడు. కుడి కన్ను విడిగా, ఎడమ కన్ను విడిగా. 6/9 వరస, అంటే మామూలు చూపున్నవాళ్ళు తొమ్మిది మీటర్ల నుంచి చదివే వరస, ఆరు మీటర్ల నుంచి కూడా చదవలేనివాళ్ళ పేర్లు పక్కన రాసుకుని, వరస అయిపోయాక వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టాడు.

రెండు కళ్ళూ విడివిడిగా చూడటం ఎందుకంత ముఖ్యమో ఒక పాప దగ్గర తెలిసింది. రెండు కళ్ళతో చూస్తే గలగలా చూపించేస్తోంది. ఎడమ కన్నుతోనూ అంతే. ఎడమ కన్నుకి అడ్డు పెట్టగానే తల పక్కకి వంచి ‘తీసెయ్యండి అంకుల్’ అంది. కుడి కన్నుతో పై రెండు వరసలు దాటలేదు. వాళ్ళమ్మకి ఇన్నేళ్ళూ తెలియదు. పాపకీ తెలియదు, పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్న పిల్లకి లోకం అలాగే ఉంటుందని అనుకుంటుంది కదా. లేజీ ఐ అంటారు. ఒక కన్ను మసకగా ఉంటే మెదడు దాన్ని పక్కన పెట్టి మంచి కన్నుతోనే పని కానిచ్చేస్తుంది. అద్దాలు పెట్టి, మంచి కన్నుకి రోజూ కొంతసేపు ప్యాచ్ వేసి, మసక కన్నుతో పని చేయించాలి. చిన్న వయసులో, ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. ఆ పాపకి ఆరు. 650 రూపాయలు ఆ ఒక్క పాపకే గిట్టుబాటయ్యాయి.

కంపెనీ ఏమో తమ భాగస్వామి కంటి ఆసుపత్రి కార్డు ఇచ్చింది. వాళ్ళమ్మ నన్ను అడిగితే, డబ్బు ఇబ్బందైతే మార్కెట్ దగ్గర మింటో ఉంది కదమ్మా, నూరేళ్ళు దాటిన సర్కారు కంటి ఆసుపత్రి, పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకో అన్నాను. ఎక్కడ చూపించినా ఫరవాలేదు, వాయిదా వేస్తేనే చిక్కు.

పళ్ళ డాక్టరమ్మ ఓపిగ్గానే చూసింది. పుచ్చుపళ్ళు లెక్కపెట్టి చెప్పి, తమ క్లినిక్ కూపన్ ఇచ్చింది. ఆమె చెప్పాల్సి ఉండి చెప్పని మాట ఒకటుంది. ఆరేళ్ళ ప్రాంతంలో దవడ చివర పాలపళ్ళ వెనక ఒక పెద్ద దంతం వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు దాన్నీ పాలపన్ను అనుకుంటారు. పుచ్చితే ఊడిపోయి కొత్తది వస్తుందిలే అని వదిలేస్తారు. అది శాశ్వతమైన పన్ను, మళ్ళీ రాదు. మీ పిల్లలకు ఆరు దాటితే ఈ రాత్రి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి.

ఒక పిల్లవాడి ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి సరిగ్గా తోముకోవడం లేదని వాడిని మందలించింది. నేను వాళ్ళ నాన్నని ఊరేదని అడిగాను. కనిగిరి దగ్గరట, నిరుడే ఇక్కడికి వచ్చారట. నీళ్ళలో ఫ్లోరైడు. ఆ ప్రాంతాల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు) గురించి 1937లోనే, అవి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, వైద్య పత్రికల్లో రాశారు. ఎంత తోమినా ఆ చారలు పోవు, పిల్లవాడిని తిట్టి లాభం లేదు. మన వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఇన్ని ఉన్న ఊళ్ళో పళ్ళ డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ ఊరు, ఏ నీళ్ళు’ అని.

గుండె పరీక్ష గురించి ఎక్కువ రాయను. యూనిఫాం చొక్కా మీద నుంచే స్టెతస్కోపు, పక్కనే మైకులో ప్రిన్సిపాల్ గారి ప్రకటనలు. గుండెలో సన్నటి మర్మర్, అంటే మామూలు లబ్‌డబ్ కాక అదనపు చప్పుడు, ఉంటే ఆ గోలలో దేవుడికి కూడా వినబడదు. గొంతు నొప్పి వచ్చి తగ్గాక కీళ్ళు వాచిన పిల్లలెవరైనా ఉన్నారా అని టీచర్లను ఒక్క మాట అడిగినా ఉపయోగం ఉండేది. రుమాటిక్ గుండెజబ్బుకు దారితీసే ఆ జ్వరం ఎక్కువగా వచ్చేది 5 నుంచి 15 ఏళ్ళ లోపే.

లేనివి ఇంకా ఉన్నాయి. హిమోగ్లోబిన్ పరీక్ష ఈ ప్యాకేజీలో లేదు, పైది తీసుకోవాలట. పోనీ కింది రెప్ప లాగి పాలిపోయిందేమో చూడటానికి డబ్బులెందుకు? 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11.5 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. రెప్ప తెల్లగా ఉన్నవాళ్ళని మాత్రం లాబ్‌కి పంపినా సరిపోయేది. టీకాల కార్డు తెమ్మనలేదు. ఐదారేళ్ళకి వెయ్యాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది) బూస్టర్ చాలా ఇళ్ళల్లో మరచిపోయే టీకా, బడిలో చేరే హడావుడిలో పోతుంది. చెవి లోపల లైటు వేసి చూశారు, గుబిలి ఉంటే రాశారు. వినబడుతోందా లేదా అని మాత్రం ఎవరూ చూడలేదు.

ఇంకొకటి మా అల్లుడు పట్టుకున్నాడు. యాప్‌లో పిల్లవాడి వివరాలు ‘భాగస్వాములతో పంచుకుంటాం’ అన్న గడిలో ముందుగానే టిక్ పెట్టి ఉంది. పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోందని అతనన్నాడు. ఆ టిక్ తీసేశాడు. మీరూ చూసుకోండి.

మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయిది కదిరి వైపు. దాని కూతురు ఇక్కడే సర్కారు బడిలో నాలుగో తరగతి. ఆ బడికీ అదే నెలలో చెకప్ వచ్చింది, నేను ముందు చెప్పిన బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక వ్యాను. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల కొరత, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు, ఈ నాలుగు రకాల కింద ముప్పై సమస్యల జాబితా పట్టుకుని చూస్తారు. సర్కారు, ఎయిడెడ్ బళ్ళకే వస్తారు, ప్రైవేటుకు రారు. బళ్ళకు ఏడాదికి ఒక్కసారే. పిల్లకి చెవి కారుతోందని చీటీ రాసి ఆసుపత్రికి వెళ్ళమన్నారు. చీటీ కన్నడంలో ఉంది, ఆ అమ్మాయి తెచ్చి నాకు చూపించింది.

‘వెళ్ళావా?’ అన్నాను.

‘యాడికి పోయేది పెద్దమ్మా, ఒక పూట పోతే రెండిళ్ళ పని పోతాది’ అంది.

నేను పూట సెలవిస్తాను పొమ్మన్నాను. మర్నాడు ఆ బృందం నర్సే ఫోన్ చేసిందట, పాపని ఎందుకు తీసుకురాలేదు అని. ఆ వారమే తీసుకెళ్ళింది. ఫ్రీ డాక్టర్లు ఏం చూస్తారులే అని మన అపార్ట్‌మెంట్లలో ఒక చులకన ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. 650 కట్టిన చోట నుంచి మాకు ఇప్పటిదాకా వచ్చిన ఫోన్లన్నీ పై ప్యాకేజీ అమ్మడానికే. ఆ ఆరేళ్ళ పాపని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారా అని అడగడానికి ఒక్కటీ రాలేదు. నేనే వాళ్ళమ్మని అడిగాను. తీసుకెళ్ళిందట, అద్దాలు వచ్చాయి, ప్యాచ్ మొదలైంది.

నులిపురుగుల మాత్ర మాత్రం ప్రైవేటు బళ్ళలోనూ ఇస్తారు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, నమిలి మింగాలి. మా స్కూల్లో ఒప్పుదల కాగితం మీద ‘వద్దు’ అని రాసిచ్చే తల్లులు ఎక్కువట. అపార్ట్‌మెంట్ పిల్లలకు పురుగులేంటి అని. ఇసుకలో ఆడి చెయ్యి కడుక్కోని పిల్లలు ఏ అంతస్తులో ఉంటే ఏం?

బీఎంఐ తప్పు గురించి కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట విన్నాక ఒక అబ్బాయి కన్నడంలో మొదలుపెట్టి, నా యాస విని తెలుగులోకి దిగాడు. నంద్యాల అట. వివరంగా చెప్తే విన్నాడు, లోపల ఎవరినో కనుక్కుని వచ్చాడు. ‘మేడం, పిల్లల పట్టిక మా సిస్టంలో ఉందంట. ఈ స్కూలుకి సెట్ చేసేటప్పుడు పెద్దోళ్ళది ఎంచుకున్నారు.’ అరగంటలో మావాడి రిపోర్టు మారిపోయింది. ఎర్ర డబ్బా పోయి పచ్చ డబ్బా వచ్చింది. ఎత్తు మాత్రం ఆ 121 అలాగే ఉంది.

‘మిగతా పిల్లలవో?’ అంటే, ఎవరి తల్లిదండ్రులు వాళ్ళే ఫోన్ చెయ్యాలి మేడం అన్నాడు. అది కుదరదు నాయనా, మీరే స్కూలుకి రాయండి అన్నాను. టికెట్ నంబరు ఇచ్చాడు. దాన్ని స్కూలు కోఆర్డినేటర్‌కి ఇచ్చి, బూట్లు విప్పి, గట్టి నేల మీద, పిల్లలందరినీ మళ్ళీ కొలవండి, కావాలంటే నేను వచ్చి నిలబడతాను అని రాసిచ్చాను. ఆమె సరేనంది, తేదీ ఇంకా చెప్పలేదు. కొలిస్తే ఇంకో స్టారు కలుపుతాను. పౌడరు కూపన్ తీసేస్తే ఇంకో అర.